బషీర్‌ని దించి సూడాన్ జనం ఏం బావుకున్నారు?

పాతకాపు:
రొట్టె ధర పెరిగిందని 2018 డిసెంబరులో సూడాన్‌లోని అట్బరా పట్నంలో జనం రోడ్డెక్కారు. 2019 ఏప్రిల్ 11న అధ్యక్షుడు బషీర్ ముప్పై ఏళ్ల పాలన పోయింది. 2023 ఏప్రిల్ 15 నుంచి సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక దళానికీ యుద్ధం. నియంత ఉన్నప్పుడే నయం అనడానికి నాకు మొహమాటం లేదు.

వేగుచుక్క:
ఆ ఆర్‌ఎస్‌ఎఫ్‌ని పెంచి పోషించింది ఎవరండీ? పడమటి ప్రాంతం దార్ఫూర్‌లో ఊళ్లు తగలబెట్టిన జంజావీద్ ముఠాలకు 2013లో యూనిఫాం తొడిగింది బషీరే. సొంత సైన్యం తిరగబడుతుందని భయపడి కాపలాకి పెట్టుకున్నాడు. దాని నాయకుడు హెమెడ్తీ, సైన్యాధిపతి బుర్హాన్ ఇద్దరూ కలిసే 2021 అక్టోబరు 25న పౌర ప్రధాని హమ్దోక్ ప్రభుత్వాన్ని కూలదోశారు. తర్వాత వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు. ఇందులో ఉద్యమకారుల తప్పేంటి?

పాతకాపు:
సరే, పెంచాడు. అదుపులో ఉంచాడా లేదా? దానికి జవాబు చెప్పండి.

మౌనముని:
దార్ఫూర్ వాళ్లని అడగండి.

పాతకాపు:
దార్ఫూర్ సంగతి తర్వాత. నేను రాజధాని ఖార్తూమ్‌లో పనిచేసినవాణ్ణి. యుద్ధం మొదలయ్యాక భారతీయుల్ని తీసుకొచ్చిన ఆపరేషన్ కావేరిలో పోర్ట్ సూడాన్ నుంచి నేవీ ఓడెక్కి జెడ్డా చేరాను. కంపెనీ జీతం బాకీ ఇప్పటికీ రాలేదు. మీరు ఇంట్లో కూర్చుని విప్లవాలు మాట్లాడుతున్నారు.

వేగుచుక్క:
మీ జీతం ఎగ్గొట్టింది మీ కంపెనీ. 2019 జూన్ 3న సైనిక కార్యాలయం ముందు ధర్నాలో కూర్చున్నవాళ్లని కాల్చారు. వైద్యుల లెక్కలోనే వందమందికి పైగా పోయారు. మీ బాకీకి వాళ్లా జవాబుదారీ?

ప్రశ్నార్థకం:
ఇద్దరూ కాస్త తగ్గండి. అంతమందిని చంపాక కూడా ఆగస్టులో ఉద్యమ నాయకులు ఆ జనరళ్లతోనే అధికారం పంచుకున్నారు. అసలు తప్పు అక్కడే జరిగింది.

వేగుచుక్క:
చేతిలో తుపాకీ లేనివాళ్లు ఇంకేం చేయగలరు?

పాతకాపు:
నేను మొత్తుకుంటున్నదీ అదే! చేతిలో ఏమీ లేనప్పుడు దించబోకూడదు.

వేగుచుక్క:
అంటే తుపాకీ ఉన్నవాడికి దేశం రాసిచ్చేయాలి. మొదటి పోస్టులోనే ఆ మాట అంటే ఇంత టైపు చేసేవాణ్ణి కాదు.

పాతకాపు:
రాసివ్వమనలేదు. పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తే తల్లికి మీ ప్రజాస్వామ్యం ఏం పెట్టింది?

మౌనముని:
అన్నం. యుద్ధంలో పేటల్లో వంటశాలలు నడిపినవాళ్లలో చాలామంది బషీర్‌ని దించిన ఉద్యమ కమిటీల కుర్రాళ్లూ అమ్మాయిలే.

పాతకాపు:
వాళ్లు మంచివాళ్లు కాదని నేనన్నానా? దించేముందు తర్వాత ఎవరు పాలిస్తారో చూసుకోవాలి కదా.

వేగుచుక్క:
హమ్దోక్ రెండేళ్లు పాలించాడు కదండీ! ఆయన్ని గృహనిర్బంధంలో పెట్టింది ఎవరో మళ్లీ మొదట్నుంచి చెప్పమంటారా?