హనోయ్ నుంచి హాలాంగ్ బే: ఒక్క రోజు క్రూజ్ సరిపోతుందా?

ప్రశ్న:
ఫిబ్రవరిలో వియత్నాం వెళ్తున్నాం. అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, ఇద్దరూ శాకాహారులు. పొద్దున వెళ్లి రాత్రికి హనోయ్ చేరొచ్చా? బోటు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

జవాబు 1:
చేరొచ్చండి. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక్కో వైపు రెండున్నర గంటలు. అంటే అయిదు గంటలు బస్సుకే పోతాయి. అందుకే ధర కంటే ముందు నీళ్ల మీద ఎన్ని గంటలో అడగండి. నాలుగు గంటలది దండగ, ఆరు గంటలది తీసుకోండి. బోటు ఆగే టిటొప్ దీవి మీద 400కు పైగా మెట్లున్నాయి. పెద్దవాళ్లు కింద బీచ్‌లోనే కూర్చోవచ్చు. సుంగ్ సొట్ గుహలో మాత్రం ఎక్కడం దిగడం తప్పదు, మెట్లు తడిగా ఉంటాయి. పట్టున్న బూట్లు వేయించండి. లువోన్ గుహ దగ్గర కయాక్ బదులు వెదురు పడవ ఎక్కించండి, నడిపేవాళ్లు ఉంటారు.

జవాబు 2:
భోజనం సంగతి! ఉత్త "వెజ్" అంటే కూరలో చేపల సాస్ (నూక్ మామ్) పడిపోవచ్చు. బుకింగ్‌లోనే "ఆన్ చాయ్" (వియత్నామీస్‌లో శాకాహారం) అని రాయించండి, గుడ్డు వద్దని విడిగా చెప్పండి. ఓ ఆవకాయ సీసా ఉంటే బెంగే లేదు.

జవాబు 3:
ఫిబ్రవరిలో తుంపర, పొగమంచు మామూలే. నీలి సముద్రం ఫొటోలు ఆశించొద్దు. డెక్ మీద చలిగాలి, జాకెట్ తప్పనిసరి. మంచు మరీ దట్టమైతే పోర్టువాళ్లు బోట్లు ఆపేస్తారు కాబట్టి తిరుగు విమానం ఉన్న రోజున ఇది పెట్టుకోకండి. టెట్ పండగ (వియత్నాం కొత్త సంవత్సరం) తేదీలు కూడా చూసుకోండి.