కులూలో ట్రౌట్ చూసొచ్చాను, మా గుంటలో పిల్లలు ఎప్పుడు వదలాలి?

ఫౌజీ_ఆమదాలవలస

అందరికీ నమస్తే. మాది ఆమదాలవలస దగ్గర చిన్న ఊరు. ఆర్మీలో 17 ఏళ్ళు చేసి రెండేళ్ళ కిందట ఇంటికొచ్చేశాను. చివరి మూడేళ్ళూ హిమాచల్‌లోనే, కులూ వైపు. సెలవు దొరికితే తీర్థన్ నది ఒడ్డుకి వెళ్ళేవాళ్ళం. అక్కడ ట్రౌట్ అనే చన్నీళ్ళ చేపకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్ల కాలమని వేట ఆపేస్తారు, మార్చిలో మళ్ళీ మొదలు. పర్మిట్ రాయించుకుని గాలం వేయాలి. ఆ నీళ్ళలో కాలు పెడితే రెండు నిమిషాల్లో మొద్దుబారిపోయేది. పట్లీకుహల్‌లో సర్కారు వారి ట్రౌట్ హేచరీ కూడా చూశాను. సిమెంటు కాలవల్లో నీళ్ళు గలగలా పారుతూనే ఉంటాయి, ఒక్క క్షణం ఆగవు. ఒంటి నిండా ఎర్ర చుక్కలున్న చేప చేతిలో జారిపోతుంటే అప్పుడే అనుకున్నాను, ఊరెళ్ళాక మన గుంటలో కూడా ఏదో ఒకటి పెంచాలని.

మాకు జిరాయితీలో 80 సెంట్ల గుంట ఉంది. నిరుడు శివరాత్రి వెళ్ళిన వారానికి, అంటే మార్చిలోనే, బండి మీద అల్యూమినియం బిందెలు కట్టుకొచ్చిన ఒకాయన దగ్గర 2,000 పిల్లలు కొన్నాను. అన్నీ బొచ్చె పిల్లలే అన్నాడు. మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బిందె ఎత్తి గట్టు మీంచే గుమ్మరించేశాం. మర్నాడు పొద్దున్న గాలివాటున ఒక మూలకి తెల్లగా కొట్టుకొచ్చాయి. దూరం నుంచి చూస్తే ఎవరో అటుకులు పారబోశారేమో అనిపించింది. మిగిలిన వాటి కోసం కొంగలు వారం రోజులు కాపలా కాశాయి. ఆయనకి ఫోన్ చేస్తే "నీళ్ళు మంచివి కావు బావూ" అని పెట్టేశాడు. మా ఆవిడ ఇప్పటికీ కూరలో ఉప్పు ఎక్కువైందంటే చాలు, "నీళ్ళు మంచివి కావేమో" అంటోంది.

ట్రౌట్ మన దగ్గర అసలు బతుకుతుందా? బతకదంటే ఏ చేప, ఏ నెలలో వదలాలి? ఈలోగా చెయ్యి ఊరుకోవడం లేదు, ఈ ఎండల్లో గాలం వేయడానికి చుట్టుపక్కల ఎక్కడ బాగుంటుంది?

గట్టు_మాస్టారు (రాజాం వైపు)

బావూ, నేను బడిపంతులుగా రిటైరై మా ఊరి మత్స్యకారుల సంఘానికి లెక్కలు రాస్తుంటాను. వల వేయడం రాదు, కానీ ఎవరు ఎప్పుడు పిల్లలు వదిలారో, పట్టులో ఎంత తీశారో నా పుస్తకంలో ఉంటుంది.

ముందు ట్రౌట్ సంగతి. దానికి 10 నుంచి 16 డిగ్రీల నీళ్ళు హాయి. 20 దాటితే ఇబ్బంది, 25 దగ్గరికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. నా దగ్గర బడి సైన్సు గది థర్మామీటరు ఒకటుంది (దొంగతనం కాదు, రిటైరైన రోజున అడిగే తీసుకున్నాను). మొన్న ఉగాది ముందు రోజు మధ్యాహ్నం మా చెరువులో మోకాలి లోతున ముంచితే 31 చూపించింది. ఇంకా మే రానేలేదు. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 11 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఆ ఏడున్నరతో మన బొచ్చె, శీలావతి సంసారం ఈదేస్తాయి, ట్రౌట్ ఈదలేదు. నువ్వు చూసిన సిమెంటు కాలవల్లో నీళ్ళు ఆగకుండా పారించేది కూడా ఆ చలి, ఆ గాలి తగ్గకూడదనే.

లంబసింగిలో చలి ఉంది కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అది డిసెంబరు, జనవరి మాట. చేప మే నెలలో కూడా బతకాలి. దక్షిణాదిలో ట్రౌట్ నిలిచింది నీలగిరుల మీద, మున్నారు కొండల మీద, రెండు వేల మీటర్ల ఎత్తు చుట్టుపక్కల. ఈమధ్య రంగారెడ్డి జిల్లాలో ఒకచోట నీళ్ళు యంత్రాలతో చల్లబరిచి, వడకట్టి, తిప్పి తిప్పి వాడుతూ పెంచుతున్నారు. ఆ కరెంటు బిల్లు నీ 80 సెంట్లకి వద్దు.

ఇక నీ 2,000 పిల్లలు. నువ్వు కులూ క్యాలెండరు పట్టుకొచ్చి ఆమదాలవలసలో వాడావు. అక్కడ మార్చి అంటే మంచు కరిగి ఏరు పెరిగే రోజులు. మనకి మార్చి అంటే నాగావళి ఇసకలో చెలమలు తవ్వే రోజులు. రోజురోజుకీ తగ్గిపోయే నీటిలో పసిపిల్లల్ని వదిలితే అవి పెరిగేదెప్పుడు? అదీ మిట్టమధ్యాహ్నం. బండి మీద ఎండలో వచ్చిన బిందె నీళ్ళ వేడి వేరు, గుంట నీళ్ళ వేడి వేరు. ఆ తేడాకే సగం పోయి ఉంటాయి. పిల్లల సంచీ గాని బిందె గాని ముందు గుంటలో పావుగంట, ఇరవై నిమిషాలు తేలనివ్వాలి. తరవాత గుంట నీళ్ళు కొంచెం కొంచెం అందులో కలపాలి. చివరికి మూతి వంచి పట్టుకుంటే అవే ఈదుకుంటూ బయటికి పోతాయి. గుమ్మరించకూడదు. తెల్లవారుజామున గాని, ఎండ వాలాక గాని చెయ్యాలి.

ఆయన తెచ్చిన పిల్లలు ఎంత పొడవున్నాయో నువ్వు రాయలేదు. అటుకుల్లా ఉన్నాయన్నావంటే చాలా చిన్నవి. అంతంత పిల్లల్ని ఇలాంటి గుంటలో వదిలితే మట్టగిడసలకి (చిన్న చేపల్ని తినే కొరమీను జాతి) ఫలహారం. వేలెడు పొడవుండాలి, 8 నుంచి 10 సెంటీమీటర్లు. "అన్నీ బొచ్చెలే" అన్న మాట నమ్మొద్దు. ఒక గాజు గ్లాసులో నాలుగు పిల్లల్ని వేసి వెలుతురుకి ఎత్తి చూడు. బొచ్చె పిల్లకి ఒంటికి మించిన తల ఉంటుంది, మూతి దగ్గర మీసాలుండవు. మోసు (మృగాల్) పిల్లకి తోక మొదట్లో నల్లగా చీట్ల పేకలో డైమన్ లాంటి మచ్చ కనిపిస్తుంది. శీలావతికి అదే చోట అడ్డంగా నల్లటి పట్టీ ఉంటుంది. నాలుగు సార్లు చూస్తే అలవాటైపోతుంది. మా సంఘంలో ఒక ముసలాయన గ్లాసు కూడా అడగడు, అరచేతిలో వేసుకుని చెప్పేస్తాడు. నాకు మాత్రం కళ్ళజోడూ, గ్లాసూ రెండూ కావాలి.

ఇప్పుడు చేయాల్సింది ఎండగట్టడం. నీళ్ళు ఎలాగూ తగ్గుతున్నాయి. అడుగు బీటలు తీసేదాకా ఎండనిచ్చి, ఒక చాలు దున్నించెయ్. ఒట్టి ఎండతో మట్టగిడస చావదు, తడి బురదలో దూరి కూర్చుంటుంది. పైకి వచ్చి గాలి పీల్చే చేప కదా, దానికి నీళ్ళు లేకపోయినా కొన్నాళ్ళు గడుస్తుంది. ఒక మూల నీళ్ళు ఎండకపోతే అందులో ఇప్పచెక్క వేస్తారు, ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిండి, చేపకి విషం. ఎకరా విస్తీర్ణం, మీటరు లోతు నీటికి టన్ను లెక్క. సీతంపేట వైపు అడిగి చూడు. ఆ విషం రెండు మూడు వారాల్లో విరిగి ఎరువైపోతుంది, అందాకా పిల్లలు వదలకూడదు, గొడ్లని దింపకూడదు. తరవాత సున్నం, ఎకరాకి 80 నుంచి 100 కిలోలు. వానలు పడి గుంటలో నిలువెత్తు నీళ్ళు చేరాక పేడ వెయ్. నీళ్ళు లేత ఆకుపచ్చకి తిరిగాక, ఆగస్టు, సెప్టెంబరుల్లో పిల్లలు వదులు. గాలి మిషన్లు పెట్టి మేత వేసేవాళ్ళ లెక్క వేరు. నీ గుంటకి 1,200 చాలు: బొచ్చె 480, శీలావతి 360, మోసు 360. బొచ్చె పైనా, శీలావతి మధ్యనా, మోసు అడుగునా తింటాయి, ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టదు.

ఆఫ్రికా మార్పు చేపలు (క్యాట్‌ఫిష్) పెంచు, ఆరు నెలల్లో కిలోలు కిలోలు వస్తాయని ఎవడైనా వస్తే గట్టు కూడా ఎక్కనీకు. అది మన దేశంలో నిషేధం. వాన నీటిలో తప్పించుకుందంటే గెడ్డలో చిన్న చేప మిగలదు.

బెండు_కదిలింది (విజయనగరం)

మాస్టారు చేప పెంచేవాళ్ళ మాట చెప్పారు, నేను పట్టేవాడి మాట చెప్తాను అన్నా.

ఈ రోజుల్లో తొమ్మిది దాటితే గాలం చుట్టెయ్. పొద్దున్న ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, మళ్ళీ సాయంత్రం ఐదు తరవాత. నీళ్ళు తగ్గిపోయి చేపంతా మడుగుల్లో చేరి ఉంటుంది, కాబట్టి చోటు వెతకడం సులువు. కానీ చేపకి ఆకలుండదు. నేను చంపావతి మీద డెంకాడ ఆనకట్ట వైపు వెళ్తుంటాను. నీకైతే నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట దగ్గర కదా, దాని ఎగువ మడుగులు చూడు. తలుపుల కిందకి మాత్రం దిగకు. మడ్డువలస రిజర్వాయర్‌లో పెద్దవి ఉన్నాయి, అక్కడి సంఘం వాళ్ళని అడగకుండా వేస్తే గొడవ. తాటిపూడి వైపు పోవద్దు, అది విశాఖ తాగునీరు.

ఎరకి పెద్ద ఖర్చేం లేదు. వేయించిన తవుడు, తెలగపిండి, కొంచెం మైదా, బెల్లం ముక్క. గట్టిగా పిసికితే నీళ్ళలో కరగదు, వదులుగా పిసికితే గాలం వేసేలోపు రాలిపోతుంది. చపాతీ ముద్ద కంటే కొంచెం గట్టిగా ఉండాలి. శీలావతి ముట్టుకుంటే బెండు మునగదు, పక్కకి నడుస్తుంది. అప్పుడు లాగితే పోయినట్టే. రెండో సారి నడిచి వాలినప్పుడు లాగు.

ఒక్క మాట. నీటి మీద ఎర్రగా, చెంబు మూతంత వెడల్పున ఏదో కుతకుతలాడుతూ కనిపిస్తే అది కొరమీను పిల్లల గుంపు. కిందనే తల్లో తండ్రో కాపలా ఉంటుంది, కప్ప బొమ్మ వేస్తే కోపంతో కొడుతుంది. చాలామంది అలాగే పట్టి ఫోటో పెడతారు. నేనూ ఒకసారి పట్టాను. పావుగంటలో పరకలు, గొరకలు చేరి ఆ ఎర్ర గుంపుని ఊడ్చేశాయి, గట్టు మీద నిలబడి చూశాను. అప్పటి నుంచి అవి కనిపిస్తే చోటు మారిపోతాను.

బొబ్బిలి_నుంచి_పెన్సిల్వేనియా

ట్రౌట్ మాట వచ్చింది కాబట్టి. ఇక్కడ ప్రభుత్వమే హేచరీల్లో పెంచిన పెద్ద ట్రౌట్‌ని ఏటా 30 లక్షలకు పైగా వాగుల్లో వదులుతుంది. లారీల్లో తెచ్చి బకెట్లతో దించుతారు, ఆ పనికి ఊళ్ళో వాళ్ళు కూడా సాయం వెళ్తారు. ఏప్రిల్ మొదటి శనివారం వేట మొదలు, తెల్లారేసరికి ఒడ్డు మీద భుజం భుజం తగులుతుంది. లైసెన్సు ఉండాలి, రోజుకి ఐదుకి మించి తీసుకోకూడదు.

నాకు నవ్వొచ్చిన సంగతేంటంటే, ఇక్కడ కూడా చాలా వాగులు వేసవిలో ట్రౌట్‌కి వేడెక్కిపోతాయి. అందుకే ఎండాకాలం దాకా ఆగకుండా వసంతంలోనే వదిలి, వసంతంలోనే పట్టేసుకుంటారు. అవి అక్కడ పెరగాలని వదిలేవి కావు మాస్టారూ. ఇంత చల్లటి దేశంలోనే ఇలా ఉంటే ఆమదాలవలసలో ఏం పెంచుతాం!

చేపలబజారు_అమ్మాయి (శ్రీకాకుళం)

అన్నయ్యా, మా అమ్మ 20 ఏళ్ళుగా బజారులో చేపలు అమ్ముతోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట ఆపేస్తారు. ఆ రెండు నెలలూ చెరువు చేపే దిక్కు. సెప్టెంబరులో వదిలిన పిల్ల అప్పటికి ముప్పావు కిలో, కిలో తూగుతుంది. గుంట ఎండేదాకా ఆగి ఒకేసారి పట్టావంటే అదే వారం ఊళ్ళన్నీ పడతాయి, రేటు పడిపోతుంది. ఏప్రిల్ చివర్లో పెద్దవి ఏరి కొన్ని, మళ్ళీ మేలో కొన్ని తియ్యి. పట్టిన గంటలోపు ఐసు వెయ్యాలి. మొప్పలు ఎర్రగా లేకపోతే మా అమ్మ బుట్ట దింపనివ్వదు, నువ్వు ఫౌజీవైనా సరే.

ఫౌజీ_ఆమదాలవలస

అందరికీ దండాలు. మాస్టారూ, మీరు అటుకులు అన్నది పట్టుకుని పొడవు కనిపెట్టేశారు. నిజమే, గోరంత కూడా లేవు.

నిన్న ఐదింటికి గుంట దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు నడిమధ్యలో నడుము లోతు, మిగతా అంతా మోకాలి కింద. మా మావయ్య విసురువల తెచ్చాడు. మొదటి విసురుకి గుర్రపు డెక్క, రెండో విసురుకి మట్టగిడసలు మూడు, మూడో దానికి ఇంకో నాలుగు. ఒక్కొక్కటీ మోచేతంత. నా 2,000 ఎక్కడికి పోయాయో లెక్క తేలిపోయింది. మావయ్య నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డాడు.

ఐదో విసురులో ఒకటి వేరేగా మెరిసింది. వెండి రంగు, సన్నటి మూతి కిందికి తిరిగి ఉంది. తూస్తే 900 గ్రాములు. మోసే అని మావయ్య అంటున్నాడు. నేను కొన్న "బొచ్చెల్లో" బతికి బట్టకట్టింది అదొక్కటే అనుకుంటా. మట్టగిడసలు ఇంటికి తెచ్చాం. దాన్ని మాత్రం మా ఆవిడ తొట్టిలో వేయించింది, మీరు చూసి చెప్పేదాకా కొయ్యనంటోంది. ఫోటో పెడుతున్నాను.

గట్టు_మాస్టారు (రాజాం వైపు)

మోసే బావూ. తొట్టి మీద వల కప్పు, రాత్రికి ఎగురుతుంది.