"బీద విధవరాలి కాసు" అంటే కొంచెమా, ఉన్నదంతానా?

అచ్చుతప్పు:
ఒక క్రైస్తవ సంఘం వాళ్ల ప్రత్యేక సంచికకు ప్రూఫు దిద్దుతున్నాను. మందిరం కట్టడానికి పెద్ద మొత్తమే ఇచ్చిన ఒకాయన తన ముందుమాటలో "నాది బీద విధవరాలి కాసు మాత్రమే" అని రాసుకున్నారు. వినయంతోనే రాశారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ మాట అక్కడ కుదిరిందా అన్నదే నా సందేహం. సరే చూద్దామని బైబిలులో మార్కు 12:44 తీశాను. దేవాలయపు కానుకపెట్టెలో ధనవంతులు బాగా వేస్తుండగా ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది, ఆమె గురించి యేసు అన్న మాట అది. "వారందరు తమకు కలిగిన సమృద్ధిలోనుండి వేసిరి గాని, యీమె తన లేమిలో తనకు కలిగినదంతయు, అనగా తన జీవనమంతయు వేసెను" అని ఉంది. ఇక్కడ ఇంకో ప్రశ్న పుట్టింది. సమృద్ధికి "లోనుండి" పెట్టి, లేమికి వచ్చేసరికి ఉత్త "లో"తో ఎందుకు సరిపెట్టారు? తెలిసినవారు చెప్పగలరు.

గళ్లనుడి:
వాడుకలో స్థిరపడిపోయింది కదండీ. ఉడతాభక్తి అంటామే, అలాంటిదే ఇదీను. వదిలేయండి.

పాతబైబిలు:
రెండూ ఒకటి కాదండీ. ఉడతాభక్తి అన్నప్పుడు మన చూపు ఉడత చిన్నతనం మీద ఉంటుంది: వారధి ఎంత, దాని వెంట్రుకలకు అంటిన ఇసుక ఎంత. ఆ పని చేశాక ఉడత దగ్గర తరిగిందేమీ లేదు. ఒళ్లు దులుపుకుని చెట్టెక్కితే మళ్లీ మామూలే. ఈ విధవరాలి సంగతి దానికి పూర్తిగా తిరగబడి ఉంది. ఆమె వేసింది తక్కువ అని యేసు ఎక్కడా అనలేదు. అందరికంటె "ఎక్కువ" వేసిందన్నాడు. కాబట్టి "నేనిచ్చింది కొంచెం" అని చెప్పుకోవడానికి ఆమెను పిలుచుకురావడం కుదరదు. ఆ దాతగారి వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే "నా దగ్గర ఉన్నదంతా ఇచ్చేశాను, రేపటికి నాకు ఏమీ లేదు" అని అర్థం. ఆయన చెప్పదలచింది అది అయ్యుండదు.

ఇక "లో", "లోనుండి" సంగతి. మీ కన్ను మంచి చోట పడింది. గ్రీకు మూలంలో రెండు చోట్లా ఒకటే విభక్తిమాట, "ఎక్". మనకు "లోనుండి"తో సమానం. అంటే మూలం "సమృద్ధిలోనుండి", "లేమిలోనుండి" అని రెండు వైపులా సరితూగేలా నడుస్తుంది. తెలుగు చేసినవారు రెండోదాన్ని "లేమిలో" అని మార్చారు. ఎందుకు మార్చారో వాళ్లు రాసిపెట్టలేదు గానీ, తెలుగు చెవికి మాత్రం కారణం తెలుస్తూనే ఉంది. సమృద్ధి అంటే కుప్ప. కుప్పకు బయట నిలబడి చెయ్యి పెట్టి కొంత తీయవచ్చు, తీశాక కుప్ప అక్కడే ఉంటుంది. లేమిలోంచి తీయడానికి ఏముంది? లే అనే ధాతువు మీద కట్టిన మాట అది, "లేకపోవడం" అని దాని అర్థం. అందుకే తెలుగులో లేమి ఒక స్థితి అయింది, ఆమె అందులో నిలబడి ఉండగా ఇచ్చింది. మూలంలోని తూకం కొంత పోయిన మాట నిజం. నాకు మాత్రం తెలుగు వాక్యమే లోతుగా తగిలింది.

ఇంకో చిన్న విషయం చూడండి. "తన లేమిలో తనకు కలిగినదంతయు." లేమి పక్కనే కలుగు. కలిమిలేములు కావడికుండలు అని సామెత చెప్పే రెండు కుండలనూ ఒక్క వాక్యంలోకి తెచ్చిపెట్టారు, పైగా రెండూ ఒకే మనిషి భుజం మీద.

తేటమాట:
కాసు గురించి కూడా ఒక మాట. ఇప్పటివాళ్లకు కాసు అనగానే బంగారం గుర్తొస్తుంది. సండే స్కూల్లో ఒక పిల్ల "రెండు కాసులంటే చాలానే కదా టీచర్" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. చిల్లికాసు అన్న మాటలో పాత అర్థం ఇంకా బతికి ఉందని చూపించాక గానీ తను ఒప్పుకోలేదు.

పాతబైబిలు:
కాసుతో అసలు తంటా వేరే ఉందండీ. మన పాత అనువాదంలో మూడు వేర్వేరు నాణేలకు ఈ ఒక్క మాటే వాడారు. విధవరాలు వేసినవి లెప్తొన్‌లు, అన్నిటికన్నా చిన్న రాగి నాణెం. మత్తయి 5:26లో "కడపటి కాసు" అన్నది కొద్రాంతేస్, అంటే రెండు లెప్తొన్‌లు. పిచ్చుకల వెల చెప్పే చోట కాసు అన్నది అస్సారియొన్, అంటే 8 లెప్తొన్‌లు. ఇప్పుడు లూకా సువార్త తెలుగులో వరసగా చదవండి. 12వ అధ్యాయంలో "అయిదు పిచ్చుకలు రెండు కాసులకు అమ్మబడును". 21వ అధ్యాయంలో విధవరాలు రెండు కాసులు వేసింది. ఓహో, అయిదు పిచ్చుకల ఖరీదు అనుకుంటాం. కాదు. మత్తయి 10:29 ప్రకారం రెండు పిచ్చుకలు ఒక అస్సారియొన్‌కు వచ్చేవి, అంటే పిచ్చుక ఒక్కింటికి 4 లెప్తొన్‌లు. ఆమె చేతిలో ఉన్నవి రెండు. అర పిచ్చుక కూడా ఎవరూ అమ్మరు గదా! ద్రాక్షతోట కూలివాళ్లకు దినానికి ఒక దేనారం అని మత్తయి 20లో ఉంది, ఆ దేనారంలో ఆమె వేసింది 64వ వంతు. కాసు అనే ఒక్క మాట కింద ఈ తేడా అంతా కప్పబడిపోయింది.

గళ్లనుడి:
అర పిచ్చుక! ఈ లెక్క నేనెప్పుడూ వినలేదు. ఉడతాభక్తి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎదురుప్రశ్న:
అందరూ ఆమెను మెచ్చుకుంటున్నారు సరే. పైన నాలుగు వాక్యాలు వెనక్కి వెళ్లి మార్కు 12:40 చదివారా? శాస్త్రులు, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్లు, "విధవరాండ్ర యిండ్లు దిగమింగు"తారని యేసు అప్పుడే తిట్టాడు. ఆ తిట్టు ముగిసీ ముగియగానే ఒక విధవరాలు వచ్చి ఉన్నదంతా కానుకపెట్టెలో వేసింది. ఆ వెంటనే 13వ అధ్యాయం మొదట్లో, ఆ దేవాలయంలో రాతిమీద రాయి నిలవదంటాడు. కూలిపోబోయే కట్టడానికి ఆమె తన చివరి కాసులు ఇచ్చింది. ఇది మెచ్చుకోలా, నిట్టూర్పా? మంచి సమరయుని ఉపమానం చివర "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అని స్పష్టంగా చెప్పాడు. ఇక్కడ ఆ మాట లేదు. లేని మాటను పట్టుకుని పేదవాళ్ల చేత మరీ మరీ ఇప్పించేవాళ్లను చూశాను కాబట్టి అడుగుతున్నాను.

పాతబైబిలు:
సందర్భం మీరన్నట్టే ఉంది, కాదనను. ఇలా చదివే పండితులూ ఉన్నారు. ఆమె ఇల్లు ఎవరు మింగారో అడక్కుండా ఆమె కానుకను మాత్రం పొగిడితే ఆ కథను సగమే చదివినట్టు. అయితే "ఎక్కువ వేసెను" అన్న తీర్పు కూడా ఆ నోటిదే. దోచుకునే ఏర్పాటు మీద కోపం, ఆమె ఇచ్చిన తీరు మీద గౌరవం, రెండూ ఒకేసారి ఉండవచ్చు కదా. ఒకటి నిలబెట్టడానికి రెండోది కొట్టేయక్కర్లేదు.

"ఇంకా ఇవ్వండి" అని ఒత్తిడి చేసేవాళ్లకు జవాబు పౌలు సంఘాలకు రాసిన పత్రికలోనే, అంటే ఉత్తరంలోనే, ఉంది. మాసిదోనియ సంఘాలవాళ్లు నిరుపేదలై ఉండి కూడా "సామర్థ్యము కంటె ఎక్కువగాను" ఇచ్చారని 2 కొరింథీ 8లో మురిసిపోతూ రాస్తాడు. అవి యెరూషలేములోని బీదవాళ్ల కోసం పోగుచేస్తున్న చందాలు. త్యాగంతో ఇవ్వడానికి అంతకంటే మంచి ఉదాహరణ పత్రికల్లో నాకు కనబడదు. కానీ అక్కడ "తమంతట తామే" అన్న మాట దాటేయకండి. అడిగి పిండినది కాదు, ఇందులో మాకూ పాలు ఇవ్వండని వాళ్లే బతిమాలుకున్నారు. పది వాక్యాలు తిరక్కుండానే, ఇతరులకు తేలిక, మీకు భారం కావాలని నేను చెప్పడం లేదంటూ కొరింథీయులకు స్పష్టం చేస్తాడు. త్యాగాన్ని చూసి మురవచ్చు, పక్కవాడి మీద విధించకూడదు. పౌలు పాటించిన హద్దు అది.

ఎదురుప్రశ్న:
ఆ హద్దు వేదిక మీంచి వినపడితే నాకు పేచీ లేదు.

తేటమాట:
తరవాతి అధ్యాయంలోని "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అన్నది కూడా భలే తెలుగు. అక్కడా గ్రీకులో అదే "ఎక్" ఉందని విన్నాను. "దుఃఖంలోనుండి కాక" అని ఉందట. మనవాళ్లు దుఃఖాన్ని సణుగుడు చేశారు. ఇచ్చేవాడి పెదవుల కదలిక కనబడుతోంది.

పాతబైబిలు:
అవునండీ, మూలంలో "లుపే", దుఃఖం లేదా బాధ. సణుగుడులో బాధ కొంచెం తగ్గి విసుగు పెరిగింది. అయినా చదివినవాడికి తన గొంతు తనకే వినబడుతుంది కాబట్టి ఆ మార్పు నాకు సమ్మతమే.

పొలంగట్టు:
పాత నిబంధనలో దీనికి జోడీ ఒకటుంది. 2 సమూయేలు 24. దావీదు బలిపీఠం కట్టాలని అరౌనా కళ్లానికి వెళ్తాడు. కళ్లమే కాదు, ఎడ్లూ కట్టెలూ అన్నీ ఊరికే తీసుకోమంటాడు అరౌనా. దావీదు ఒప్పుకోడు. వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని నా దేవునికి దహనబలిగా అర్పించనని 50 తులాల వెండి ఇస్తాడు. రాజు, పైగా ఉచితంగా వస్తున్నది! విధవరాలు లేమిలో ఇచ్చింది, ఈయన కలిమిలో ఉండి కూడా ఖర్చు తనకు తగలాలన్నాడు. త్యాగమంటే పేదవాళ్ల వంతు అన్నట్టు మాట్లాడేవాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించాలి.

అచ్చుతప్పు:
అందరికీ ధన్యవాదాలు. ముందుమాటలో "నా వంతు స్వల్ప సహాయం" అని మార్చవచ్చా అని దాతగారిని అడిగాను, నవ్వి సరేనన్నారు. ఒక్కటి మిగిలింది. అదే సంచికలో ఇంకో వ్యాసకర్త "ఆమె తన జీవితమంతా అర్పించింది" అని రాశారు. జీవనం, జీవితం ఒకటేనా?

పాతబైబిలు:
కాదండీ. అక్కడ గ్రీకు మాట "బియొస్", బతకడానికి చేతిలో ఉన్న ఆధారం. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి పంచి ఇచ్చింది కూడా బియొసే, మనవాళ్లు "ఆస్తి" అన్నారు. 1 యోహాను 3:17లో "జీవనోపాధి" అన్నారు. ప్రాణం ఇవ్వడం గురించి చెప్పేటప్పుడు మాట మారిపోతుంది, మార్కు 10:45లో "తన ప్రాణము ఇచ్చుటకు" అన్న చోట ఉన్నది "ప్సుఖే". కాబట్టి విధవరాలి విషయంలో "జీవితమంతా అర్పించింది" అంటే సేవలో చేరిపోయిందేమో అనిపిస్తుంది. వ్యాసకర్త ఒప్పుకుంటే "తన బతుకుదెరువంతా" అని వేయండి. లేదంటే పాత అనువాదంలో ఉన్న "జీవనమంతా" చాలు, దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు.