ఒమెగా సెంటారీ ఫొటోలో మధ్యభాగం తెల్లగా మాడిపోతోంది

ప్రశ్న:
నమస్కారం. కర్నూలు శివారు నుంచి ఒమెగా సెంటారీ గోళాకార తారాగుచ్ఛాన్ని ఫొటో తీస్తున్నాను. 8 అంగుళాల న్యూటోనియన్ టెలిస్కోపు, 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్, ఆకాశం కదలికను వెంబడిస్తూ టెలిస్కోపును తిప్పే ఈక్వటోరియల్ మౌంటు, డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉన్నాయి. ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) 1600 పెట్టి ఒక్కో ఫ్రేము 2 నిమిషాలు తీస్తే, అంచుల్లోని తారలు విడివిడిగానే వస్తున్నా, మధ్యభాగం పిండిముద్దలా కలిసిపోతోంది. ఎక్స్‌పోజరు ఇంకా పెంచాలా, లేక దీనికి పెద్ద టెలిస్కోపే కావాలా?

మొదటి సమాధానం:
పెంచకండి, తగ్గించండి. నెబ్యులాలకు (వాయు, ధూళి మేఘాలకు) పనికొచ్చే సుదీర్ఘ ఎక్స్‌పోజరు తారాగుచ్ఛాలకు చేటు చేస్తుంది. ఐఎస్ఓ 800కు దించి, 20 సెకన్ల ఫ్రేములు వీలైనన్ని తీసి స్టాక్ చేయండి, అంటే సాఫ్ట్‌వేరుతో పేర్చి ఒకే ఫొటోగా కలపండి. ముందుగా మీ పాత రా ఫైలు (కెమెరా మార్పుల్లేకుండా భద్రపరిచినది) ఒకటి తెరిచి, మధ్యలోని పిక్సెళ్లు గరిష్ఠ విలువను తాకాయేమో చూడండి. తాకి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ వాటిని వెనక్కి తేలేదు, పైగా ఎర్రని రాక్షస తారల నారింజ రంగు కూడా అక్కడే తెల్లబడిపోతుంది. తాకకపోతే తప్పు స్ట్రెచింగ్‌ది (మసక భాగాలు కనిపించేలా ఫొటో వెలుగును పెంచే ప్రక్రియది), కాబట్టి వెలుగైన భాగాన్ని అదిమిపట్టే ఆర్క్‌సైన్‌హెచ్ స్ట్రెచ్ వాడి చూడండి.

రెండవ సమాధానం:
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట చేరుస్తాను. ఈ గుచ్ఛం ఖగోళ మధ్యరేఖకు సుమారు 47.5 డిగ్రీల దక్షిణాన ఉంది కనుక, కర్నూలులో అది ఎంత పైకి వచ్చినా 27 డిగ్రీలు దాటదు. అంటే దాని కాంతి, నడినెత్తిన ఉన్న తార కాంతితో పోలిస్తే రెండింతలకు పైగా గాలిని దాటి మీ అద్దాన్ని చేరుతుంది. అందుకే అది మధ్యాహ్నరేఖను (ఉత్తర దక్షిణాలను కలుపుతూ నడినెత్తి మీదుగా పోయే ఊహారేఖను) దాటే వేళకు అటూ ఇటూ గంటలోపే తీయాలి. మే నెల నడుమ ఆ వేళ రాత్రి పది దాటాక వస్తుంది. ఫోకస్‌కు చిత్త నక్షత్రం కాంతిమంతమే గానీ ఆకాశంలో గుచ్ఛానికి దూరం, దగ్గర్లోని మెన్కెంట్ తారకు గురిపెట్టి టెలిస్కోపు ముందు బాటినోవ్ మాస్కు (ఫోకస్ సరిచూసే చీలికల మూత) పెట్టడమే నాకు నచ్చుతుంది. అయినా సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో దాదాపు కోటి తారలు కిక్కిరిసిన చోట, మసక తారలన్నీ విడిపోవాలని ఆశించడం అత్యాశే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. పాత ఫైలులో మధ్య పిక్సెళ్లు నిజంగానే నిండిపోయి ఉన్నాయి. 20 సెకన్లకు ఆటోగైడింగ్ (ఒక తారను గమనిస్తూ మౌంటు కదలికను తనంతట తానే సరిదిద్దే ఏర్పాటు) అవసరమా?

మొదటి సమాధానమిచ్చినవారు:
పోలార్ అలైన్‌మెంట్ (మౌంటు అక్షాన్ని ఖగోళ ధ్రువానికి సరిచేయడం) బాగుంటే సాధారణంగా అక్కర్లేదు. తారలు గుండ్రంగా రాకపోతే 10 సెకన్లకు దించి, ఫ్రేముల సంఖ్య పెంచండి.