కొత్త ఇల్లు, చేతిలో రెండు వేలు: పెరడు నింపేదెట్ల?

కొత్తిల్లు_కరీంనగర్
ఇల్లు అయింది, ఈఎంఐ మొదలైంది. వెనుక, పక్కన కలిపి అరవై గజాల దాకా ఖాళీ జాగా ఉంది. కింద మొరం, మీద మేస్త్రీలు వదిలేసిన కంకర, సిమెంటు పెచ్చులు. నర్సరీకి పోతే పూత మీదున్న నాలుగు మొక్కలకే రెండు వేలూ అయిపోయేటట్టున్నయి. మృగశిర వచ్చేసింది. ఏం కొనాలె, ఏం అడుక్కోవాలె?

గోదారిగట్టు
ముందు పెచ్చులు ఏరించండి. సిమెంటు కలిసిన మట్టిలో మందారం, గులాబీ ఆకులు పసుపెక్కిపోతాయి. ట్రాక్టరు ఎర్రమట్టి తోలించక్కర్లేదు. పండ్ల మొక్కలకు రెండడుగుల గుంత తీసి, ఆ గుంత వరకే మంచి మట్టి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపితే చాలు. పచ్చిపేడ మాత్రం వెయ్యకండి, చెద పడుతుంది.

పెరటిపిచ్చి
కొమ్మతో బతికేది ఏదీ కొనొద్దండీ. మందారం, నందివర్ధనం, గన్నేరు, నూరువరహాలు, గోరింట అన్నీ వీధిలోనే దొరుకుతాయి. పెన్సిలు లావు కొమ్మ, మరీ లేతదీ మరీ ముదురుదీ కాకుండా, జానెడు పొడవు తీసుకోండి. కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తుంచేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చి నీడన పెట్టండి. చిగురు వచ్చిందని సంబరపడి వెంటనే పీకి నాటకండి. వేరు కంటే ముందే చిగురు వస్తుంది చాలాసార్లు.

మల్లెకి ఇంకా సులువు. తీగని నేలకి వంచి, మధ్యలో మట్టి కప్పి, పైన రాయి పెడితే అక్కడే వేళ్లు పోసుకుంటుంది. తర్వాత కోసి తెచ్చుకోవడమే. కరివేపాకు ఎవరింట్లో ఉన్నా చుట్టూ పిలకలు లేస్తాయి, వేరు ముక్కతో సహా తవ్వి ఇమ్మనండి. గింజ నాటితే చెట్టు మీంచి రాలిన పండుది అప్పుడే నాటాలి, ఎండబెట్టి దాచింది మొలవదు.

పాలమూరు_రైతు
పూల సంగతి అక్క చెప్పింది. పండ్ల చెట్లకు మాత్రం పైసలు పెట్టు తమ్మీ. మామిడి టెంక పెడితే తల్లి చెట్టు రుచి రావాలని లేదు, కాపుకు ఆరేడేండ్లు కూసోవాలె. అంటు, అంటే నాటు మొక్క మీద మంచి చెట్టు కొమ్మ కట్టింది అయితే, మూడు, నాలుగేండ్లకు కాత చూస్తవు. కొనేటప్పుడు అంటు కట్టిన మచ్చ చూడు, నాటేటప్పుడు అది మట్టి పైనే ఉండాలె. మచ్చ కింద చిగురొస్తే గిల్లెయ్, అది నాటు కొమ్మ. నీ జాగకు మామిడి ఒక్కటి చాలు, గోడకు దూరంగ పెట్టు. బొప్పాయి మాత్రం విత్తనమే నయం. గుంతకు మూడు పెట్టి, పూత చూసినంక పోతుమొక్కలు తీసెయ్యి.

కడియం_పక్కూరు
మా వైపు బుర్రిలంక, కడియపులంక నర్సరీల్లో ఒకే రకం మొక్క చిన్న కవర్లో ఒక ధర, పెద్ద కవర్లో దానికి ఎన్నో రెట్లు. చిన్నదే కొనండి, కొత్త నేలలో అదే తొందరగా కుదురుకుంటుంది. ఇంకో మాట. మా మొక్కల వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. ఎర్రనేలలో అలాగే పెట్టేస్తే ఎండాకాలం ఆ ముద్ద రాయై కూర్చుంటుంది, నీళ్లు లోపలికి దిగవు. బకెట్లో కాసేపు నానబెట్టి, అంచుల మట్టి కొంచెం విదిలించి నాటండి.

మిద్దెమీద_మొక్క
అందరూ అడిగి తెచ్చుకోమంటున్నారు కానీ, వీధిలో మందారం కొమ్మతోపాటు పిండినల్లి పురుగు కూడా ఉచితంగా వస్తుంది. తెచ్చినవి రెండు వారాలు విడిగా ఉంచండి. లీటరు నీళ్లకి ఐదు మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టాకే మిగతావాటి పక్కన పెట్టండి.

పెరటిపిచ్చి
అది నిజమే. నేనైతే ఆకు వెనక తెల్లగా దూదిలా కనిపిస్తే కొమ్మే తీసుకోను.

సీమపిల్ల
ఈ చెట్లన్నీ ఎదిగేలోపు జాగా బోసిగా ఉంటుంది కదన్నా, దానికి విత్తనాలే. పోయినసారి పూజ దండలో ఎండిన బంతిపూలు దాచిన వాళ్లుంటే అడుగు, ఇప్పుడు చల్లితే దసరాకి పూస్తాయి. కాశీరత్నం, శంఖుపూలు కంచె మీదికి పాకించు. చంద్రకాంత ఒకసారి వస్తే గింజ రాల్చుకొని అదే మొలుస్తుంటాది. వంటింట్లో ధనియాలు, మెంతులు ఉండనే ఉన్నాయి. బచ్చలి, పుదీనా కూర తెచ్చినప్పుడు ముదురు కాడలు పారెయ్యకుండా గుచ్చు.

కొత్తిల్లు_కరీంనగర్
అందరికీ దండాలు. మామిడి అంటు, జామ అంటు, ఎరువు, వేపపిండి. ఇవే కొంటున్న. ప్రహరీ లేని పక్క గోరింట కంచె పెడ్దామనుకుంటున్న, ఎంత ఎడం పెట్టాలె?

పాలమూరు_రైతు
అడుగుకొకటి. మోకాలెత్తు రాంగనే కొసలు కత్తిరించు, లేకపోతే కింద బోడిగ ఉండి మేకలు దూరుతయి.

మానేరు_వాసి
నాదీ కరీంనగరే. నందివర్ధనం, గోరింట, ఎర్రమందారం కొమ్మలు ఎన్నంటే అన్ని ఇస్త, కరివేపాకు పిలకలు కూడా ఉన్నయి. నాలుగు చినుకులు పడ్డంక రండి. కవర్లు మీరే తెచ్చుకోండి, అడుగున చిల్లులు పెట్టిన పాల ప్యాకెట్లయినా నడుస్తయి. నాకు ఆ బంతి గింజల్లో సగం కావాలె.