మిల్వాకీ సర్కస్ పరేడ్ ఫోటో ఏ ఏడాదిదో చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మేం ఉండేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో. మొన్న ఒక గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకు పాత కలర్ ఫోటో కొన్నాను. ఎర్ర రంగు, బంగారు పూత చెక్కడాలున్న సర్కస్ శకటం, ముందు ఎనిమిది గుర్రాలు. చక్రాల ఆకుల మధ్య సూర్యకిరణాల్లా రంగులు, అచ్చం మన ఊరి తేరు చక్రంలా! వెనక పెన్సిల్‌తో 'మిల్వాకీ, జూలై' అని మాత్రమే ఉంది.

ఇదే రాష్ట్రంలోని బారబూ ఊళ్ళో ఉన్న సర్కస్ వరల్డ్ మ్యూజియం నుంచి ఈ శకటాలను రైల్లో మిల్వాకీ నగరానికి తెచ్చి, 1963 జూలై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, మొదటిసారి ఊరేగించారు. 1973 తర్వాత ఆగి, మళ్ళీ 1985లో మొదలైంది. ఒకే మనిషి నలభై గుర్రాలను తోలిన 1972 శకటమైతే ఇట్టే తెలిసిపోయేది, నా అదృష్టం అలా లేదు.

ఇది మొదటి దఫాదా, 1985 తర్వాతదా? పక్కన నిలబెట్టిన కార్లు, జనం బట్టలు చూసి పోల్చుకోవచ్చా? ఫోటో కాగితాన్ని బట్టి ఏమైనా తెలుస్తుందా? అప్పట్లో అక్కడ ఉండి చూసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి.