శ్రీలంక సైన్యం 2 లక్షల నుంచి లక్షకు: మంచి పనా, అన్యాయమా?

పెరంబూర్ కిశోర్:
మనకు సముద్రం అవతలే జరుగుతున్నా మన తెలుగువాళ్లలో ఎవరూ మాట్లాడుకోని సంగతి ఇది. శ్రీలంకలో తమిళ పులులతో యుద్ధం 2009 మేలో ముగిసింది. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వం సైన్యం మంజూరు సంఖ్యను 2,00,783 నుంచి 2024కల్లా 1,35,000కు, 2030కల్లా లక్షకు దించుతామని ప్రకటించింది. జనాభా 2 కోట్ల 20 లక్షలు. అంత సైన్యం దేనికి? తగ్గిస్తే ఖజానాకు డబ్బు మిగులుతుంది, ఈ పని ఎప్పుడో చేయాల్సింది.

హవల్దార్ ఆవడి:
కిశోర్ బాబూ, కాగితం మీద అంకె దించడం తేలిక. ఆ జవాను పద్దెనిమిదేళ్లకే చేరాడు. తుపాకీ తప్ప ఇంకో పని రాదు. నేను 1985లో భర్తీ అయ్యాను, ఐపీకేఎఫ్‌లో, అంటే మన శాంతిసేనలో, శ్రీలంక వెళ్లాను. రిటైరయ్యాక ఇక్కడ ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో చేరితే రోజూ పన్నెండు గంటలు నిలబెట్టారు. జీతంలో పీఎఫ్ కోశారు గానీ నా ఖాతాలో కట్టలేదు. అడిగితే రేపట్నుంచి రావద్దన్నారు. పెన్షన్ ఉన్న నాకే ఈ గతి పడితే, మధ్యలో పంపేసిన వాడి సంగతేంటి?

రమణ వేళచ్చేరి:
ముందు ఒకటి తేల్చండి. 2,00,783 అనేది మంజూరైన సంఖ్యా, నిజంగా డ్యూటీలో ఉన్నవాళ్లా? 2024 ఏప్రిల్, మే నెలల్లో క్షమాభిక్ష ఇస్తే, సెలవు లేకుండా వెళ్లిపోయినవాళ్లు 15 వేలకు పైగా డిశ్చార్జి తీసుకున్నారు. లేనివాళ్ల పేర్లు కొట్టేస్తే అది పొదుపెలా అవుతుంది?

కిశోర్:
మంజూరైన సంఖ్యే. అయితే ఏంటి?

రమణ:
అయితే ఏంటంటారేంటి? డబ్బు మిగులుతుందని మీరే అంటున్నారు. జీతం తీసుకోని వాణ్ని తీసేస్తే ఖజానాకు మిగిలేది సున్నా. ఖాళీలు ఎన్నో, మనుషులు ఎందరో విడివిడిగా చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

తాంబరం గిరి:
అసలు వాళ్ల సైన్యం గోల మనకెందుకండీ?

హవల్దార్ ఆవడి:
ఎందుకో చెప్తాను గిరి గారూ. అక్కడ మన జవాన్లు దాదాపు 1,200 మంది పోయారు. 1990 మార్చిలో మేం మద్రాసు రేవులో దిగాం. అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. నా పక్కనున్న కుర్రాడికి ఎడమ చెయ్యి లేదు. ఖాళీ చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. గట్టు మీద ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారేమోనని దిగేదాకా వెతుకుతూనే ఉన్నాడు. యుద్ధం అయిపోయాక సిపాయిని ఎవరూ పట్టించుకోరు. శ్రీలంకలోనూ అదే. అక్కడి మాజీ సైనికులు రష్యా యుద్ధానికి కూలికి పోయారు. కనీసం 16 మంది చచ్చిపోయారని 2024 మేలో వాళ్ల ప్రభుత్వమే చెప్పింది. మీ పొదుపు చివరికి అక్కడికి తీసుకెళ్లింది.

కిశోర్:
రష్యా వెళ్లింది బ్రోకర్ల మోసం వల్ల. దాన్ని కోతకు అంటగట్టకండి.

హవల్దార్ ఆవడి:
కడుపు నిండినవాడు బ్రోకర్ మాట వినడు. ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు అది తెలీదు.

కిశోర్:
నా గది సంగతి మీకెందుకు? వాదన చేతకాక మనిషి మీద పడుతున్నారు.

పోరూరు శ్రీలత:
ఇద్దరూ ఆగండి. రెండు రోజుల నుంచి జీతం, పెన్షన్, లెక్క తప్ప వేరే మాట లేదు. ఆ సైన్యం ఎక్కడ కూర్చుందో ఒక్కరూ అడగలేదు. మా పక్కింటి అక్కది శ్రీలంకలో జాఫ్నా దగ్గరి పలాలి. 1990లో ఖాళీ చేయించారు. పడవలో రామేశ్వరం వచ్చి మండపం శరణార్థుల క్యాంపులో పెరిగింది. యుద్ధం ముగిశాక వెళ్తే వాళ్ల వీధి సైన్యం కంచె లోపల ఉంది, లోనికి పోనివ్వలేదు. ఇంటి తాళంచెవి ఇప్పటికీ పసుపు గుడ్డలో కట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. హవల్దార్ బాబాయ్, మీకు సిపాయి అంటే పల్లెటూరి పేద కుర్రాడు. అక్కకు మాత్రం తన వాకిట్లో కూర్చుని లేవనివాడు. డబ్బుల్లేకైనా వాళ్లు తగ్గితే నాకు సంతోషమే. ఇంతకంటే మంచి కారణంతో వాళ్లు లేస్తారన్న నమ్మకం నాకు లేదు.

రమణ:
సంఖ్య తగ్గితే స్థలం వదులుతారని ఎక్కడుంది? అవి రెండూ వేర్వేరు ఫైళ్లు.

శ్రీలత:
తెలుసు రమణ గారూ. కొంత భూమి వదిలారు కూడా. అక్కది ఇంకా రాలేదు.

హవల్దార్ ఆవడి:
శ్రీలతమ్మా, రాత్రంతా ఆలోచించి రాస్తున్నా. 1988లో మేమూ ఒకరింట్లో మకాం వేశాం. వాళ్లు పోతూ పోతూ దేవుడి గదికి తాళం వేశారు. మా సుబేదార్ దాన్ని ముట్టనివ్వలేదు. కానీ వంటింటి తలుపు మేం పొయ్యిలో పెట్టాం. నేనే గొడ్డలితో కొట్టాను. ఆ ఇంటివాళ్లు తిరిగొచ్చారో లేదో తెలీదు. ఎవరి స్థలం వాళ్లకివ్వాల్సిందే. కానీ కూర్చోమని ఆర్డరిచ్చినవాడు పెన్షన్‌తో సుఖంగా ఉంటాడు, రోడ్డున పడేది సిపాయే. ఆ మాట మీద మాత్రం నేను తగ్గను.

శ్రీలత:
తగ్గమని నేనూ అనను బాబాయ్. కానీ ఆర్డరిచ్చినవాణ్ని అక్క ఎప్పుడూ చూడలేదు. గేటు దగ్గర నిలబడ్డవాణ్నే చూసింది. పొంగల్ తర్వాత మళ్లీ ఒకసారి వెళ్లి చూసొస్తానంటోంది. టికెట్ నేను తీస్తున్నా.